ఏకాదశి ఉపవాసం ఉన్న కుక్క

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు మా కుక్క పెరట్లో తొట్టి దగ్గరికి పోయి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. గోడగడియారానికి కీ ఇచ్చే పని నాది, రోజూ ఆ వేళకే ఇచ్చేదాన్ని, అందుకని టైము గుర్తుంది. కీ ఇవ్వడం అయింది. పాలు కాచి దించడం అయింది. తిరిగి వచ్చి చూస్తే అది ఇంకా తొట్టిలోంచి తల ఎత్తలేదు. ఎండాకాలం. తమిళనాడులో మా ధర్మపురిలో మనుషులకే దాహం తీరని రోజులు. ముసలి కుక్క, తాగితే మంచిదేలే అనుకున్నాను. మా నాయనకు జబ్బు మొదలైనప్పుడు ఆయనా ఇలాగే చెంబు దించకుండా తాగేవాడు. అది కళ్లారా చూసినదాన్ని, ఇది చూసి పోల్చుకోలేకపోయాను.

ఇంట్లో మేము ముగ్గురం. నాయనకు బజారులో చింతపండు మండీ ఉండేది. అమ్మ ఇల్లు చూసుకునేది. నాకు ముప్పై రెండేళ్లు, ఊళ్లోనే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసేదాన్ని. పెళ్లి చేసుకోలేదు. దాని గురించి ఇక్కడ చెప్పవలసిందేమీ లేదు. నాయనకు పదేళ్లుగా షుగరు. పొద్దున్నే ఆయనకు సూది వేసేది నేను. ఇది ఎనభైల నడుమ మాట. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో పెట్టేవాళ్లం. గాజు సిరంజిని చిన్న గిన్నెలో మరగబెట్టి వాడేవాళ్లం.

కుక్కను తెచ్చింది నాయనే. అప్పటికి పన్నెండేళ్ల కిందట చింతపండు బేరానికి మారండహళ్ళి పోయి, సాయంత్రం బస్సు దిగేటప్పటికి చేతిలో గోనెసంచి, సంచి మూతిలోంచి ఒక ముక్కు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పెరుగన్నం పెట్టింది. అప్పటి నుంచి అది అమ్మ చేతి తిండి తప్ప తినలేదు. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు, కాబట్టి అది తిన్నది మేము తిన్నదే. పెరుగన్నం, పప్పన్నం, పండగలకు బెల్లం పొంగలి, పాయసం గిన్నె నాకడం. ఇంట్లో మాట్లాడేది తెలుగు గనుక దానికి తెలిసిందీ తెలుగే. వీధిలో వాళ్లు తమిళంలో పిలిస్తే తోక ఊపేది, పోయేది కాదు.

దాని ఏకాదశి సంగతి చెప్పాలి.

అమ్మ పక్షానికొకసారి ఏకాదశి ఉండేది. ఆ రోజు తులసి వేసిన నీళ్లు తప్ప ఏమీ ముట్టదు, వంటింట్లోకి రాదు, వంట నేనే చేసేదాన్ని. కుక్క వచ్చిన రెండో ఏట ఒక ఏకాదశి నాడు నేను పెట్టిన అన్నం వాసన చూసి పక్కకు పోయింది. ఒంట్లో బాగాలేక అయ్యుంటుంది, లేదా పెట్టింది అమ్మ చెయ్యి కాకపోవడం వల్ల అయ్యుంటుంది. పదిహేను రోజులు తిరిగి మళ్లీ ఏకాదశి వచ్చింది. ఆ రోజూ ముట్టలేదు. రెండు సార్లే. మూడోసారి మేము అసలు పెట్టలేదు, అది అడగలేదు. ఆ తర్వాత ఇక అది ఏకాదశి ఉండే కుక్క అయిపోయింది. మర్నాడు ద్వాదశి పొద్దున అమ్మ స్నానం చేసి, అవిసాకు కూర, పెసరపప్పు వండి, ఉపవాసం విడిచేటప్పుడు తాను నోట్లో పెట్టుకోకముందే ఒక ముద్ద తీసి గడప అవతల పెట్టేది. అది అప్పటికే అక్కడ కూర్చుని ఉండేది.

ఎదురింటి తమిళావిడ దానికి సామియార్, అంటే సన్యాసి, అని పేరు పెట్టింది. ఏకాదశి నాడు కూరగాయలు తెచ్చుకుంటూ మా గుమ్మంలో ఆగి, సామియార్ ఏమైనా తిన్నాడా అని అడిగి నవ్వేది. అమ్మకు ఆ నవ్వు కూడా ఇష్టమే. నాయనకు షుగరు వచ్చాక డాక్టరు ఉపవాసాలు మాన్పించాడు. అప్పటి నుంచి ఆయన ఇడ్లీ తింటూ కుక్కను చూసి అనేవాడు:

"నాకు లేని భక్తి దానికుండాది. వచ్చే జన్మలో మండీలో అది కూర్చుంటాది, నేను గుమ్మంలో పడుంటాను."

"గుమ్మంలో పడున్నా ఏకాదశి పొద్దు మీకు ఇడ్లీ కావాల," అనేది అమ్మ.

పదేళ్లు మేము ఈ సంగతి వచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వుకున్నాం. నేను కూడా చెప్పాను. నమ్మి కాదు. చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి.

ఆ ఎండాకాలం తొట్టి రోజుకు రెండుసార్లు నింపవలసి వచ్చింది. కుక్క ఎంత తిన్నా చిక్కిపోయింది. వెన్నెముక చేతికి తగిలేది. ఎన్నడూ లేనిది ఇంట్లోనే తడిపేది. కొట్టినా ఏమీ లాభం ఉండదని అమ్మకు తెలుసు, తుడుచుకునేది. ఒక రోజు వసారా మూల తుడవబోయి నన్ను పిలిచింది. తడి ఆరిన చోట చీమలు పట్టి ఉన్నాయి.

"చీమలు యాడ చూసినావు ఇట్ల?" అంది.

ఇద్దరమూ చూశాం. ఎక్కడ చూశామో ఇద్దరికీ తెలుసు. పదేళ్ల కిందట పెరట్లో, నాయన రాత్రిళ్లు ఒంటికి లేచి పోయే చోట.

మర్నాడు పొద్దున ఒక గరిటె పట్టుకుని కుక్క వెంట పెరట్లో తిరిగాను. నాయనకు షుగరు పరీక్ష చేసే నీలం మందులో దాని మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాను. నీలం పచ్చగా మారితే కొంచెం, పసుపైతే ఎక్కువ, ఇటుక రంగైతే ఇక చెప్పక్కర్లేదు. అది కాగీ కాగకముందే ఇటుక రంగుకు తిరిగింది. నాయన వచ్చి గాజుగొట్టం వెలుతురుకు ఎత్తి చూసి, నాది కూడా ఎప్పుడూ ఇంత ఎర్రగా రాలేదే అన్నాడు. ఆయన గొంతులో ఏదో చుట్టరికం లాంటిది వినిపించింది.

పశువుల ఆస్పత్రిని మా ఊళ్లో మాట్టాస్పత్రి అంటారు, ఆవుల ఆస్పత్రి అని. అక్కడికి కుక్కను తెచ్చేవాళ్లు తక్కువ. పొద్దున ఎనిమిదింటికే పల్లెల నుంచి ఆవులు, ఎద్దులు, కాలు విరిగిన మేకలు వచ్చి ఉండేవి. ఆవులను నిలబెట్టి కట్టే కొయ్యల చట్రం పక్కన నేను గొలుసు పట్టుకుని నిలుచున్నాను. డాక్టరు నడివయసు మనిషి. భుజం దాకా ఉన్న రబ్బరు తొడుగు తీసి, చేతులు కడుక్కుని, చివరికి మా దగ్గరికి వచ్చాడు. నేను చెప్పింది అంతా విన్నాడు. ఏం తింటుంది అని అడిగాడు. చెప్పాను. బెల్లం పొంగలి దగ్గర ఒకసారి తల ఎత్తి మళ్లీ దించుకున్నాడు. కళ్లలో చిన్న దీపం వేసి చూసి, పొర మొదలైందన్నాడు. ఈ జబ్బున్న కుక్కను తాను చదువుకునేటప్పుడు పుస్తకంలో చూశానని, చేత్తో ఎప్పుడూ చూడలేదని ఒప్పుకున్నాడు. నాకు ఆ మాట నచ్చింది. తెలియనిది తెలియదని చెప్పే డాక్టరును నేను అంతకు ముందు చూడలేదు.

మనిషికి వేసే మందే, కొద్దిగా వేద్దాం అన్నాడు. ఎన్ని గీతలు లాగాలో కాగితం మీద రాసిచ్చాడు. ఎక్కువ రోజులు బతుకుతుందని అనుకోవద్దని, కానీ దాహం తగ్గుతుందని, కొంచెం సుఖంగా ఉంటుందని చెప్పాడు. కాగితం నా చేతికి ఇచ్చాక కూడా వదలకుండా, ముందు అన్నం పెట్టండి, తిన్నదని చూసుకున్నాకే సూది వేయండి, తినకపోతే ఆ రోజు సూది వద్దు అన్నాడు. తమిళంలో రెండుసార్లు చెప్పాడు. నేను తల ఊపాను.

ఇంట్లో మాత్రం అలా చేయలేదు. నాయన అలవాటు వేరు. ఆయనకు ముందు సూది, అరగంట తర్వాత టిఫిను. ఆరున్నరకు సిరంజి మరగబెట్టేదాన్ని. కుక్కకు వేరే సిరంజి, వేరే సూది కొన్నాను గానీ, మరిగే నీళ్లు ఒకటే, సీసా ఒకటే. ఆఫీసుకు పోవలసినదాన్ని, పొద్దున రెండుసార్లు ఈ పని పెట్టుకోలేక ఇద్దరికీ ఒకేసారి వేసేదాన్ని. నాయన భుజానికి ముందు, తర్వాత కుక్క మెడ మీద చర్మం ఎత్తి. ఏడింటికి అమ్మ ఇద్దరికీ పెట్టేది. సూది వేసినాక దానికి తప్పకుండా అన్నం పెట్టాలని అమ్మకు చెప్పాను. ముందు అన్నం, తర్వాత సూది అని డాక్టరు చెప్పిన మాట మాత్రం చెప్పలేదు. నేను చేయనిది చెప్పడం ఎందుకు అనుకున్నానో ఏమో.

మొదలుపెట్టింది ద్వాదశి మర్నాడు. పదమూడు రోజులు బాగానే గడిచాయి. అసలు ఆ పదమూడు రోజులే బాగా గడిచాయి. తొట్టి రోజుకు ఒకసారి నింపితే సరిపోయింది. వసారా మూల ఆరిపోయింది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అది వీధి మలుపు దాకా ఎదురొచ్చింది. అప్పటికి రెండు నెలలుగా రాలేదు. అమ్మ ఎదురింటావిడకు, మా పాప మనుషుల డాక్టరు కన్నా బాగా చూసుకుంటోంది అని చెప్పడం విన్నాను.

పద్నాలుగో రోజు ఏకాదశి.

ముందు రోజు రాత్రి భోంచేసి నేను లైబ్రరీ పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అమ్మ వంటిల్లు కడిగి, దీపం తగ్గించి, ఎప్పటిలాగే, రేపు ఏకాదశి అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఊఁ అన్నాను. ఆ మాటకు అమ్మ లెక్కలో ఒక అర్థం ఉంది, నా లెక్కలో ఒకటి. రేపు కుక్కకు తిండి లేదు కాబట్టి సూది వేయవద్దు అని అమ్మ చెప్పింది. రేపు పొద్దున వంట నీది అని నేను విన్నాను. నాయనకు జబ్బు వచ్చి ఉపవాసం పోయింది గనుక కుక్కకూ పోయిందనే నా ఉద్దేశం. అలా అని అనుకున్నానా అంటే అదీ కాదు. దాని గురించి అసలు ఆలోచించలేదు.

పొద్దున ఆరున్నరకు ఇద్దరికీ సూదులు వేశాను. అమ్మ అప్పటికి పూజ దగ్గర ఉంది, చూడలేదు. నాయనకు ఉప్మా చేసి పెట్టాను. నేనూ తిన్నాను. నేను చెప్పులు వేసుకునేటప్పుడు కుక్క గడప పక్కన పడుకుని నా వైపు చూసింది. ఎనిమిదిన్నరకు ఆఫీసుకు పోయాను.

పదకొండున్నరకు నాయన ఆఫీసుకు వచ్చాడు. కాలి వేళ్లకు పుండ్లు లేచే మనిషి, ఆ ఎండలో బజారు దాటి అంత దూరం నడిచి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి చేత్తో రమ్మన్నాడు. నేను బయటికి వచ్చాను.

"కుక్క కొట్టుకుంటా ఉండాది, పాపా. నాకు వచ్చే మాదిరే వచ్చింది దానికి."

ఆయనకు రెండుసార్లు అలా వచ్చింది. చెమట, వణుకు, తర్వాత మాట తెలియకపోవడం. నోట్లో చక్కెర వేస్తే పది నిమిషాల్లో లేచేవాడు. ఆ జబ్బు ఏమిటో, దానికి ఏం చేయాలో మా ఇంట్లో అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే.

"చక్కెర పెట్టినారా?" అని అడిగాను.

"లేదు. మీ అమ్మ తులసి నీళ్లు పోస్తా ఉండాది." భుజం మీది తుండుతో ముఖం తుడుచుకుని, "నేనేమి చెప్పేది?" అన్నాడు.

ఆటోలో ఇంటికి పోయాం. ఆయన నడిచిన దూరం ఎంత, అందులో ఎన్ని నిమిషాలు పోయాయి అని నేను లెక్క వేస్తున్నాను. ఆయనా అదే చేస్తున్నాడని ముఖం చూస్తే తెలిసింది.

వసారాలో అమ్మ కూర్చుని ఉంది. ఏకాదశి నాడు మడితో ఉండే మనిషి, ఆ రోజు కుక్కను తాకదు. కానీ దాని తల ఒడిలో పెట్టుకుని ఉంది. పక్కన తులసి చెంబు. కుక్క కాళ్లు ఉండుండి కొట్టుకుంటున్నాయి, నోటి పక్క నురగ. అమ్మ ఏడవడం లేదు. ఆమె ముఖం ప్రశాంతంగా ఉంది, అదే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఏకాదశి పొద్దు పోతాంది," అంది. "దానికి ఎంత పుణ్యం చూడు. పోనీ, పాపా."

"అమ్మా, ఇది చావు కాదు. పొద్దున నేను వేసిన సూది."

అమ్మ నా వైపు చూసింది.

"సూది వేసినావా?"

అంతే అడిగింది. నేను వంటింట్లోకి పోయి బెల్లం నలిపి, నీళ్లు కలిపి తెచ్చి, వేలితో దాని చిగుళ్లకు రాశాను. పళ్లు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. రాస్తూనే ఉన్నాను. నాయన గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై నిమిషాలకు కాళ్లు ఆగాయి. ఇంకొంచెం సేపటికి నాలుక కదిపి నా వేలు నాకింది. అప్పుడు అమ్మ దాని తల మెల్లగా నేల మీద పెట్టి, లేచి, బావి దగ్గరికి పోయి మళ్లీ స్నానం చేసి, తన చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

గుర్రపు బండిలో గోనె పరిచి మాట్టాస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరు కాలి నరంలోకి గ్లూకోజు ఎక్కించాడు. ఎక్కేలోగా జరిగింది చెప్పాను, ఏకాదశితో సహా. ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. వాళ్లమ్మ కూడా ఏకాదశి ఉంటుందట. ముందు అన్నం అని చెప్పాను కదా అని మాత్రం, గొంతు పెంచకుండా, సీసా వైపు చూస్తూ అన్నాడు. మెదడు చాలా సేపు ఆకలితో ఉండిపోయింది, ఎంత తిరిగొస్తుందో చూద్దాం అన్నాడు.

తిరిగొచ్చింది కొంచెమే. కళ్లలో పొర ఎలాగూ ముదురుతోంది, ఇప్పుడు బొత్తిగా కనపడడం మానేసింది. వెనక కాళ్లు ఈడ్చేది. వసారాలో ఎడమ చేతి వైపే గుండ్రంగా తిరిగి తిరిగి, చివరికి ఏదో ఒక మూలకు పోయి, గోడకు తల ఆనించి నిలబడిపోయేది. వెనక్కి తిరిగితే దారి ఉందని దానికి తెలియదు. మేము పోయి తిప్పాలి. ఒక్కోసారి అలా నిలబడే కుయ్యోమనేది. అమ్మ చేయి పెడితే ఉలిక్కిపడేది. పన్నెండేళ్లు ఆ చేతి తిండే తిన్నది, ఇప్పుడు ఆ చేయి ఎవరిదో పోల్చుకోలేదు. నోటి దాకా ముద్ద పెడితే తినేది. అంతవరకు మిగిలింది.

ఆ రోజు నుంచి సరైన పద్ధతిలో చేశాం. ముందు అన్నం. అమ్మ తినిపించేది, నేను సిరంజి పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడి, తినిందా అని అడిగేదాన్ని. తినింది అనేది అమ్మ. అప్పుడు వేసేదాన్ని. ఒక్కోసారి ఆ రోజుకు మా ఇద్దరి మధ్య మాటలు అవే. తప్పు ఎవరిదని అమ్మ ఎప్పుడూ అనలేదు. నేనూ అనలేదు. నాయన ఒకసారి, పొద్దున భుజం చాచి కూర్చున్నప్పుడు, నేనే బెల్లం ముక్క వేసుంటే అయిపోయేది అన్నాడు. ఆ మాటతో తప్పు ముగ్గురికీ సమంగా పంచినట్టు ఉంటుందని ఆయన ఉద్దేశం. తప్పు అలా పంచితే తగ్గే వస్తువు కాదు. ముగ్గురి దగ్గరా మొత్తంగానే ఉండిపోయింది.

నేను బాగా చదివినదాన్నని ఊళ్లో పేరు. దుఃఖం గురించి, మరణం గురించి చాలా పుస్తకాలు చదివాను. ఆ వారాల్లో వాటిలో ఒక్క వాక్యం కూడా పనికి రాలేదు. గోడకు తల ఆనించి నిలబడిన కుక్కను ఎటు వైపు నుంచి తిప్పితే తక్కువ భయపడుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. కుడి వైపు నుంచి, మెడ కింద చేయి పెట్టి. అది నేను నేర్చుకున్నాను.

పదిహేను రోజులకు మళ్లీ ఏకాదశి వచ్చింది. ముందు రోజు అమ్మ ఏమీ చెప్పలేదు. ఈసారి నేనే మండీ క్యాలెండరు చూసి పెట్టుకున్నాను. తెల్లవారి లేచేసరికి వంటింట్లో అలికిడి. అమ్మ బియ్యం కడుగుతోంది. నాకు తెలిసినంత కాలం ఏకాదశి నాడు అమ్మ బియ్యం ముట్టలేదు. అన్నం వండి, చల్లార్చి, పెరుగు కలిపి, వసారాలో కూర్చుని ముద్ద ముద్దగా తినిపించింది. అది గిన్నెడు తినింది. ఏ రోజని దానికేం తెలుసు. తర్వాత అమ్మ చేతులు కడుక్కుని, తన చెంబులో తులసి వేసుకుని, తన ఉపవాసం తాను ఉంది.

ఎదురింటావిడ ఆ పొద్దున ఆగి చూసింది. సామియార్ అనలేదు. కూరల సంచి రెండో చేతికి మార్చుకుని పోయింది.

అమ్మ ఒక ఆదివారం ఒక్కతే బస్సెక్కి తీర్థమలై కొండ గుడికి పోయి వచ్చింది. అడిగితే, ఊరికే అంది. సంచిలో సీసాతో కొండ మీది నీళ్లు తెచ్చింది. రోజూ దూదితో దాని కళ్లు ఆ నీళ్లతో తుడిచేది. తుడిచాక, కళ్ల ముందు చేయి అటూ ఇటూ ఆడించి చూసేది. నేను లోపలి గదిలోంచి చూసి, చూడనట్టు ఉండేదాన్ని. సీసా అయిపోయాక మళ్లీ పోలేదు.

మూడో వారం డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకుపోయాను. ముందు కాళ్లు కూడా వంగిపోతున్నాయి. రాసిన మందులు నమ్మకంతో రాయడం లేదని ఆయన చేయి చూస్తే తెలిసేది. ఆ రోజు రాయలేదు. కాగితం పక్కన పెట్టి, కావాలంటే ఒక్క సూదితో నొప్పి తెలియకుండా పోయేట్టు చేస్తానన్నాడు. ఇంట్లో అడిగి రమ్మన్నాడు.

ఇంటికి వచ్చి అడిగాను. నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట ఆపలేదు.

"ఇంకొక సూదా," అంది. తర్వాత, "మనం చేసింది చాల్లే, పాపా."

ఆ సూది వేరు, ఇది వేరు అని చెప్పవచ్చు. దానికి ఇక సుఖం లేదని, రోజూ బతికించి కష్టపెడుతున్నామని చెప్పవచ్చు. అవన్నీ నిజాలే. కానీ ఆ రోజు అమ్మ ఒడిలోంచి దాన్ని వెనక్కి లాగింది నేను. లాగి ఎక్కడికి తెచ్చాను అంటే, ఈ మూలకు, ఈ గోడకు. అమ్మ మాట విని ఉంటే అరగంటలో పోయేది. ఆ మాట విననందుకు ఇది. ఇప్పుడు పోనిద్దాం అని ఏ నోటితో అడగను?

నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. అది నాకు ఒక్క రోజు కూడా ఓదార్పు ఇవ్వలేదు.

ఇంకొక తొమ్మిది రోజులు ఉంది. చివరి నాలుగు రోజులు తినలేదు కాబట్టి సూది లేదు. దాహం తిరిగొచ్చింది. లేవలేదు కాబట్టి చెంచాతో పోసేవాళ్లం. ఎంత పోసినా చాలేది కాదు. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. ఒక గురువారం మధ్యాహ్నం మూడు దాటాక, నేను నీళ్లు పోస్తుండగా, నోట్లోకి పోయిన నీళ్లు మింగకుండా బయటికి వచ్చేశాయి. ఇంకొక చెంచా పోశాను. అదీ వచ్చేసింది.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చాలా సేపు దాని చెవి మీద చేయి వేసి ఉంచింది. ఉలిక్కిపడని చెవి. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

"ఈ పొద్దు ఏమి తిథి?"

మా అమ్మ తిథి అడగడం నేను ఎన్నడూ వినలేదు. మేము ఆమెను అడిగేవాళ్లం. లేచి పోయి క్యాలెండరు చూసి వచ్చాను.

"నవమి."

"ఊఁ," అంది.

నాయన మండీ వెనక ఖాళీ స్థలంలో గుంట తీయించాడు. గుంటలో ఉప్పు పోశారు. అమ్మ రాలేదు. మేము తిరిగి వచ్చేసరికి వసారా కడిగి ఉంది, గిన్నె తోమి బోర్లించి ఉంది.

మర్నాడు పొద్దున నాయనకు ఒక్క సిరంజి మరగబెట్టాను. సీసా అరచేతుల మధ్య దొర్లించి, మందు లాగి, ఆయన భుజం పట్టుకున్నాను. వేయలేకపోయాను. టిఫిను సిద్ధంగా ఉందా అని వంటింట్లోకి రెండుసార్లు పోయి చూసి వచ్చాను. ఆయన నా చేతిలోంచి సిరంజి తీసుకుని, తన తొడకు తానే గుచ్చుకున్నాడు. ఇంకమీద నేనే చూసుకుంటాలే అన్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అలాగే వేసుకున్నాడు.

అమ్మ ఏకాదశి మానలేదు. ఒంట్లో శక్తి ఉన్నంత వరకు ఉంది. ఏ రోజు ఉందో మాకు చెప్పేది కాదు. పొద్దున వంటింట్లోకి రాకపోతే, ఏకాదశి అని తెలుసుకుని నేను పోయి పొయ్యి వెలిగించేదాన్ని. ద్వాదశి నాడు గడప అవతల ముద్ద పెడుతుందో లేదో చూడవలసి వస్తుందని, ఆమె లేచే వేళకు నేను గది బయటికి వచ్చేదాన్ని కాదు. నాయన పోయి, తర్వాత అమ్మ పోయి, ఇప్పుడు ఇంట్లో నేను ఒక్కదాన్నే. అవిసాకు అమ్మే మనిషి ఇప్పటికీ మా వీధిలోంచి పోతుంది. నేను కొనడం లేదు.